తురుపు ముక్క ఎక్కడి మాట?

ఎన్నికల రోజుల్లో పత్రిక తెరిస్తే, ఫలానా నాయకుడు తన చివరి తురుపు ముక్క బయటపెట్టాడని రాస్తారు. అక్కడ పేకా లేదు, ఆటా లేదు. మరి ఈ తురుపు ఎక్కడిది?

ముందు ఆటలో దాని పని చూద్దాం. నలుగురు ఆడుతున్నారనుకోండి. ఒకరు ఆఠీను ఆసు వేశారు. ఆఠీన్లలో దానిని మించిన ముక్క లేదు. మీ చేతిలో ఒక్క ఆఠీను కూడా లేదు, కళావరు రెండు మాత్రం ఉన్నది. ఆ ఆటకు కళావరును తురుపుగా నిర్ణయించి ఉంటే, మీ రెండు ఆ ఆసునే గెలుస్తుంది! చేతిలో ఆఠీను దాచుకుని తురుపు వేశారో, అది దొంగాట. అక్కడే పోట్లాట మొదలవుతుంది. (డబ్బు పెట్టి ఆడే ఆట జోలికి మనం పోవద్దు. మనకు కావలసింది మాట.)

ఒక సంగతి గమనించారా? ఆసును చూసి ఆసు అని చెప్పవచ్చు. తురుపును అలా చూసి చెప్పలేము. పేకలోని 52 ముక్కలనూ తిప్పి చూడండి, దేని మీదా ఆ గుర్తు ఉండదు. ఈ ఆటలో తురుపైనది పై ఆటలో మామూలు ముక్క. అంటే తురుపు వస్తువు పేరు కాదు, నియమం పేరు.

ఇప్పుడు మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోదాం. మన కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. తెలుగు, తమిళం, కన్నడం మూడూ అక్కడ చెవిని పడతాయి. పేకలోని ఒక అట్టను మనం ముక్క అంటాము. తమిళులు చీట్టు అంటారు. కన్నడిగులు ఎలె, అంటే ఆకు అంటారు. మూడు భాషలకు మూడు పేర్లు. కాని తురుపు దగ్గరకు వచ్చేసరికి తమిళంలో తురుప్పు, కన్నడంలో తురుపు!

ఎందుకిలా? చేతిలో పట్టుకునే వస్తువును చూడగానే ఎవరి భాషలో వారు పేరు పెట్టుకోగలరు. కంటికి కనబడని నియమం సంగతి అలా కాదు. ఆట నేర్పినవాడు చెప్పిన మాటతోనే అది వస్తుంది. కనుక నేర్పినవాడెవరో ఆ మాటే పట్టిస్తుంది.

ఆ నేర్పినవారు డచ్చివారు. వారు 1605లో మచిలీపట్నంలోను, 1610లో పులికాట్‌లోను వర్తక స్థావరాలు పెట్టారు. తురుపును డచ్చిలో త్రూఫ్ అంటారు. దాని మూలం జయం అనే అర్థమున్న ఫ్రెంచి మాట. ఇంగ్లీషు ట్రంప్ కూడా అక్కడినుంచి వచ్చినదే. డచ్చిలో హార్తెన్ అంటే హృదయాలు. మన నోట హకారం జారిపోయి ఆఠీను అయింది. క్లావర్ అంటే మూడాకుల గడ్డిమొక్క. కళావరు ముక్క మీది గుర్తు చూడండి, మూడాకులూ కనబడతాయి. మాట మొదట రెండు హల్లులు కలిసి వస్తే మన నాలుక మధ్యలో ఒక అచ్చును చొప్పిస్తుంది. క్లా కళా అయింది, త్రూ తురు అయింది. చివర ఉకారం చేర్చడం మన అలవాటే.

అన్నీ అలా నిలిచిపోలేదు. డైమను అనేది తరువాత వచ్చిన ఇంగ్లీషు మాట. ఇస్పేటు ప్రయాణం మరీ తమాషా. మనకది నాలుగు జాతులలో ఒకటి. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే ఇస్పీటు అంటే పేక మొత్తం!

నియమాల మాటలు ఎప్పుడు మారతాయి? తికమక పుట్టినప్పుడు. ఇంగ్లీషు పేకలో జాకీని పూర్వం నేవ్ అనేవారు. 19వ శతాబ్దంలో ముక్కల మూలల్లో అక్షరాలు అచ్చువేయడం మొదలయ్యాక చిక్కు వచ్చింది. రాజుకూ కె, నేవ్‌కూ కె, ఎన్. చేతిలో ముక్కలు విసనకర్రలా పట్టుకుంటే రెండూ ఒకటిగానే కనబడేవి. నేవ్ తప్పుకుంది, జాక్ వచ్చింది.

మన కాలంలో ఇది ఇంకా వేగంగా జరుగుతున్నది. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణితజ్ఞుడు తయారుచేసిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే ఆటలో ముక్కలను ఎవరికి వారు సేకరించుకోవాలి. ప్రతి ముక్క మీదా దాని నియమం అచ్చువేసి ఉంటుంది. కొన్ని ముక్కల మీద, ఫలానా ముక్కను ఆటనుంచి తొలగించు అని ఉండేది. తొలగించినది మళ్ళీ రాకూడదు కదా! కాని అలా తొలగించినవాటిని వెనక్కు తెచ్చే ముక్కలూ ఉండేవి. బయటకు పోయింది తిరిగి ఎలా వచ్చిందని కొత్తవారు అడిగేవారు, న్యాయమైన ప్రశ్నే. 2009లో ఆ మాట తీసేసి, దేశం నుంచి వెళ్ళగొట్టడం అనే అర్థమిచ్చే ఎక్సైల్ అనే మాట పెట్టారు. వెళ్ళగొట్టినవాడు ఎప్పుడైనా తిరిగి రావచ్చు!

అదే ఆటలో 1994లో మిల్‌స్టోన్, అంటే తిరగలి రాయి అనే ముక్క వచ్చింది. అది ఒక ఆటగాడి కట్టలో పైనున్న రెండు ముక్కలను, వాడేసిన ముక్కల కుప్పలో పడేస్తుంది. కట్ట అయిపోయి, తీసుకోవడానికి ముక్క లేనివాడు ఓడిపోతాడు. ఈ పనిని ఆటగాళ్ళు తమలో తాము మిల్ చేయడం అనడం మొదలుపెట్టారు. నియమాల పుస్తకంలో ఆ మాట లేదు. 26 ఏళ్ళు నోటిమాటగానే తిరిగి, చివరకు 2020లో నియమాలలోకి ఎక్కింది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి తిరగలి సంగతి తెలియనక్కరలేదు, మనకు త్రూఫ్ తెలియనట్టే.

ఈ పరిశీలన మీరే చేయవచ్చు. మీ వీధిలో గోలీలాడేటప్పుడు నియమాలకు వాడే మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఉన్న మీ మేనత్త పిల్లల చేత కూడా అలాగే రాయించండి. ఏ మాట అర్థం దగ్గర పోట్లాట వచ్చిందో దాని కింద గీత గీసి, కాగితం మీద తేదీ వేసి దాచండి. రెండేళ్ళ తరువాత మీ తమ్ముళ్ళు ఆడుతుంటే పక్కన నిలబడి వినండి. గీత గీసిన మాటల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.