పాపకు రక్త పరీక్ష

పాల్వంచ దగ్గర ఒక కోయ గూడెం. ఎనిమిది నెలల పాప రాత్రంతా ఏడ్చింది. చేతులు, పాదాలు వాచాయి.

"పళ్ళొస్తున్నాయేమోలే" అంది అత్త.

"పళ్ళకు కాళ్ళు వాస్తాయా అత్తా?" అంది కోడలు.

తెల్లారగానే మొగుడూ పెళ్ళాం పాపను ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరు సికిల్ సెల్ పరీక్ష చేయాలన్నాడు.

ఇది అంటుజబ్బు కాదు. తల్లిదండ్రుల నుండి పుట్టుకతో వస్తుంది. రక్తంలోని గుండ్రటి ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే వాపు, నొప్పి. గిరిజనుల్లో ఈ జబ్బు ఎక్కువ. అందుకే 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది.

"ఇంత పసిదానికి రక్తం తీస్తారా?" తల్లి గుండె దడదడలాడింది.

"కొన్ని చుక్కలేనమ్మా. ఒళ్ళో పెట్టుకుని పాలివ్వు" అంది నర్సు.

సూది గుచ్చగానే పాప కెవ్వుమంది. పాలు తాగుతూ తొందరగానే ఊరుకుంది. తండ్రే చూడలేక తల తిప్పుకున్నాడు!

"జబ్బు ముందే తెలిస్తే మందులు వాడి ప్రాణాపాయం తగ్గించొచ్చు. మీరిద్దరూ కూడా పరీక్ష చేయించుకోండి" అంది నర్సు.

"మాకేం జబ్బు లేదుగా?"

"బాగానే ఉన్నా ఆ గుణం లోపల దాగి ఉండొచ్చు. ఇద్దరిలో ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు."

తండ్రి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.