బెల్టు కాలింది సరే, కాల్చిందేది?

రిసార్టుల్లో, బీచ్‌ల దగ్గర, అడ్వెంచర్ పార్కుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలు మామూలు మెకానిక్ షెడ్ల గుమ్మం కూడా తొక్కుతున్నాయి. గల్ఫ్‌లో ఇసుక తిన్నెల మీద అద్దెకు తిప్పే బళ్ల దగ్గర పనికి కుదిరినవాళ్లకైతే రోజూ వీటితోనే పని. వీటి మీద తరచుగా వినిపించే ఫిర్యాదు: "ఇంజను అరుస్తోంది, బండి మాత్రం లాగట్లేదు." దానికి రబ్బరు కాలిన వాసన తోడైతే బెల్టు జారుతోందని ఎవరైనా చెప్పేస్తారు. కొత్తది వేయడమూ పెద్ద పని కాదు. కానీ నెల తిరక్కుండా ఆ కొత్తదీ కాలిపోతే కస్టమర్ నిలదీసేది బెల్టు కంపెనీని కాదు, మిమ్మల్ని. ఈ బెల్టు తనంతట తాను చెడిపోవడం తక్కువ. నీళ్లో, ఆయిలో, చచ్చుబడిన స్ప్రింగో, నడిపేవాళ్ల అలవాటో దాన్ని చెడగొడతాయి. అదేమిటో తేలేదాకా కొత్త బెల్టు డబ్బా విప్పకండి.

స్కూటర్ అనుభవం ఎంతవరకు పనికొస్తుంది

గేర్లు లేని స్కూటర్ విప్పిన చేతికి ఏటీవీ పుల్లీలు కొత్తగా అనిపించవు. 1958లో నెదర్లాండ్స్‌లో డాఫ్ కారుకు పెట్టిన ఏర్పాటు, మన వీధుల్లోకి 1980లలో కైనెటిక్ హోండాతో వచ్చిన ఏర్పాటు, ఇదీ మూలంలో ఒకటే. ఇంజను వైపు ఒక పుల్లీ, గేర్‌బాక్సు వైపు ఒక పుల్లీ, రెంటి మధ్య వి ఆకారపు బెల్టు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని బరువులో, రోలర్లో దాని రెండు పళ్లేలను దగ్గరికి నెడతాయి. బెల్టు అంచు వైపు ఎక్కుతుంది. వెనక పుల్లీ అదే లెక్కన విచ్చుకుంటుంది. బెల్టును పట్టి ఉంచేది పక్కల నుంచి పడే నొక్కుడే. ఆ నొక్కుడు తగ్గినా, పక్కలు నునుపెక్కినా జారుడు మొదలవుతుంది.

తేడా క్లచ్ దగ్గరుంది. స్కూటర్‌లో వెనక పుల్లీకి పొడి క్లచ్ ఉంటుంది కాబట్టి బండి లాగకపోతే తప్పు క్లచ్ షూలదీ కావచ్చు. పోలారిస్, క్యాన్-యామ్ ఏటీవీల్లో చాలావాటికి ఆ క్లచ్ ఉండదు. బండి నిలబడి ఉన్నప్పుడు బెల్టు ముందు పుల్లీలో వదులుగా ఉంటుంది, రేజ్ చేయగానే పుల్లీ దాన్ని పట్టుకుంటుంది. అంటే క్లచ్ పని కూడా బెల్టుదే. యమహా గ్రిజ్లీ, కోడియాక్ లాంటివాటిలో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. దానికి ముందు ఆయిల్లో మునిగి ఉండే క్లచ్ వేరే ఉంటుంది, కాబట్టి అక్కడ ఆ క్లచ్‌నూ అనుమానించాలి. చైనా నుంచి వచ్చే 150 సీసీ బళ్లలో చాలావాటికి స్కూటర్ తరహా జీవై6 ఇంజనే. హోండా ఏటీవీల్లో చాలావాటికి అసలు బెల్టే లేదు, గేర్లే. ముందు మీ చేతిలో ఉన్నది వీటిలో ఏ రకమో తేల్చుకోండి.

స్పానర్ పట్టకముందు అడగాల్సినవి

బండి తెచ్చినవాళ్లను ఈ ప్రశ్నలు అడిగితే సగం కథ బయటపడుతుంది.

- ఎప్పుడు జారుతోంది? పొద్దున్నే తీసినప్పుడా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా?
- వాగులో, బురదలో దింపారా? ప్రెషర్ వాటర్‌తో కడిగించారా?
- పెద్ద టైర్లు వేయించారా? ట్రాలీ లాగుతున్నారా?
- మెల్లగా, బరువుతో వెళ్లేటప్పుడు హై గేర్లో ఉంచుతున్నారా, లో గేర్లో పెడుతున్నారా?
- ఇంతకుముందు బెల్టు ఎప్పుడు మార్చారు, ఏ కంపెనీది వేశారు?

నీళ్లలో దిగిన వెంటనే మొదలైతే తడి. బండి వేడెక్కాకే జారితే గాలి దారి మూసుకుపోవడమో, వెనక స్ప్రింగు బలం తగ్గడమో. ఎత్తులోనే జారితే బరువుకు తగిన పట్టు చాలట్లేదు. కదిలేటప్పుడు కుదుపు, ఆపైన అంతా బాగానే ఉందంటే బెల్టు ఒకచోట మాడి ఉండొచ్చు. జారుడేమీ లేకుండా పై వేగం మాత్రం తగ్గిందంటే బెల్టు అరిగి సన్నబడి ఉంటుంది. సన్నబడ్డ బెల్టు ముందు పుల్లీలో అంచు దాకా ఎక్కలేదు.

తడి అయితే

దీనికి ఖర్చు లేదు. ఇంజను ఆపి, బెల్టు కవరు అడుగున డ్రెయిన్ ప్లగ్గు ఉంటే తీసి నీళ్లు పోనివ్వండి. ప్లగ్గు మళ్లీ బిగించి, న్యూట్రల్‌లో పెట్టి, ఆగి ఆగి రేజ్ చేయండి. పుల్లీలు తిరుగుతూ నీళ్లు విదిల్చేస్తాయి, లోపలి గాలి ఆరబెడుతుంది. తర్వాత లో గేర్లో మెల్లగా కదిపి పట్టు వచ్చిందో లేదో చూడండి. తడి బెల్టుతోనే బండిని బలవంతంగా లాగిస్తే ఆరిపోయే జబ్బు కాస్తా కాలిన బెల్టవుతుంది.

వచ్చినవి బురద నీళ్లయితే ఆరబెట్టడం సరిపోదు. ఇసుక లోపలే ఉండి పుల్లీని, బెల్టును రెంటినీ అరగదీస్తుంది. కవరు విప్పి తుడవాల్సిందే. నీళ్లు ఎలా వచ్చాయో కూడా చూడండి: కవరు సీలు, గాలి గొట్టాల రబ్బరు బూట్లు, వాటి క్లాంపులు.

పాత బెల్టును చదవండి

తాళం తీసేసి, కవరు చల్లారాక విప్పండి. కవరు లేకుండా ఇంజను స్టార్ట్ చేసి చూడాలన్న ఆశ పెట్టుకోకండి. ఆ వేగంలో బెల్టు తెగితే ముక్కలు మొహానికే వస్తాయి. లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరేయకుండా, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తీయండి.

బెల్టును వేళ్ల మీద తిప్పుతూ వెలుతురులో చూస్తే జారుడుకు కారణం దాని మీదే కనిపిస్తుంది.

*పక్కలు రెండూ అద్దంలా మెరుస్తుంటే:* చాలాకాలంగా జారుతూ వేడెక్కింది. నొక్కుడు తక్కువా, ఆయిల్ తగిలిందా అన్నది చూడాలి.

*ఒకచోట మాత్రం నొక్కుకుపోయి సన్నగా ఉంటే:* చక్రాలు కదలకుండా ఇరుక్కున్నప్పుడు రేజ్ ఇచ్చారు. ముందు పుల్లీ ఆ ఒక్కచోటే తిరిగి మాడ్చేసింది. ఇది నడిపిన తీరులో తప్పు.

*అంచు దారాలు లేచి ఉంటే:* రెండు పుల్లీలు ఒక వరసలో లేవు. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు పోయాయేమో చూడండి.

*లోపలి పళ్ల మధ్య పగుళ్లుంటే:* వయసైపోయింది, లేదా వేడికి ఎండిపోయింది.

*జిడ్డుగా ఉంటే:* ముందు పుల్లీ వెనక క్రాంక్ ఆయిల్ సీలో, వెనక పుల్లీ వెనక గేర్‌బాక్సు సీలో కారుతోంది. సీలు మార్చకుండా వేసిన బెల్టు దండగ.

చివరగా వెర్నియర్‌తో బెల్టు పై వెడల్పు నాలుగైదు చోట్ల కొలవండి. ఆ బండి సర్వీసు మాన్యువల్లో ఇచ్చిన హద్దు కన్నా తగ్గితే పైకి బాగున్నా తీసేయాల్సిందే. కొలతలు చోటుకొకటిగా వచ్చినా అంతే.

పుల్లీల సంగతి

పుల్లీ ముఖం మీద గోరు పెట్టి లోపలి నుంచి అంచు దాకా లాగండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే ఏ బెల్టూ అక్కడ సాఫీగా ఎక్కదు, దిగదు. గాడి లేకుండా రబ్బరు నల్లగా అంటుకుని ఉంటే సన్నరకం స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. గరుకు ఎమరీ పేపరు వాడొద్దు. ఆ ముఖాల మీద గ్రీజు చుక్క కూడా పడకూడదు.

ముందు పుల్లీలో రోలర్లు ఒకవైపు చదునయ్యాయా, బరువుల పిన్నులు, బుష్షులు వదులయ్యాయా చూడండి. పుల్లీ చేత్తో నొక్కి వదిలితే తడబడకుండా వెనక్కి రావాలి. వెనక పుల్లీలో స్ప్రింగు సాగి బలం తగ్గడం ఎక్కువమంది వదిలేసే కారణం. కంటికి స్ప్రింగు బాగానే కనిపిస్తుంది, పొడవు కొలిచి మాన్యువల్‌తో పోల్చితేనే తేలుతుంది. బరువు పడినప్పుడు బెల్టును బిగించి పట్టే వాలు కామ్, దాని బటన్లు అరిగినా అదే ఫలితం. ముందు పుల్లీ విప్పేటప్పుడు లోపలి స్ప్రింగు ఒత్తిడి మీద ఉంటుందని మర్చిపోవద్దు. పుల్లర్ లేకుండా సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఊడదీయబోతే కొత్త పుల్లీ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

బెల్టు ఎంతవరకు ఎక్కుతోందో తెలుసుకోవడానికి చౌకైన పద్ధతి ఒకటుంది. శుభ్రం చేసిన పుల్లీ ముఖం మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీసి, కవరు బిగించి, ఖాళీ స్థలంలో ఒక రౌండు తిప్పి విప్పండి. బెల్టు తిరిగినంత మేర గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత బాగా మిగిలితే బెల్టు అరగడమో, పుల్లీ పట్టేయడమో జరిగింది.

బెల్టుకు దూరంగా ఉండే దోషాలు

బండిని జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో చక్రాలు చేత్తో తిప్పి చూడండి. బ్రేకు పట్టేసినా, బేరింగు పోయినా ఆ భారమంతా బెల్టు మోస్తుంది. ఐడిల్ ఎక్కువగా పెట్టి ఉంటే, బెల్టే క్లచ్‌గా పనిచేసే బళ్లలో బండి నిలబడి ఉన్నప్పుడు కూడా అది రాసుకుంటూ వేడెక్కుతుంది. కవరుకు గాలి తెచ్చే గొట్టాల్లో ఆకులు, బురద గడ్డకట్టి ఉంటే వేడి బయటికి పోదు. పెద్ద టైర్లు వేసి పుల్లీ సెట్టింగు అలాగే ఉంచేస్తే అదీ బెల్టు మీద పడే బరువే.

కొత్తది వేసేటప్పుడు

బెల్టు మీద బాణం గుర్తుంటే తిరిగే దిక్కుకు, లేకపోతే అక్షరాలు చదవగలిగేలా పెట్టండి. పాత బెల్టునే తిరిగి వేస్తున్నా ఇంతకుముందు తిరిగిన దిక్కే ఉంచాలి. కొత్త బెల్టుకు ఫ్యాక్టరీ పూత జిడ్డు ఉంటుంది కాబట్టి సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తి ఎక్కించకుండా, వెనక పుల్లీ పళ్లేలను టూలుతో ఎడం చేసి వేయండి. లోపలి దారాలు ఒక్కసారి మెలిపడితే పైకి కనిపించకుండానే బెల్టు ఆయుష్షు తగ్గిపోతుంది. బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్కుకే బిగించండి. మొదటి 50 నుంచి 80 కిలోమీటర్లు బరువు లాగకుండా, ఫుల్ రేజ్ ఇవ్వకుండా నడపమని చెప్పండి. ఆ కాస్త దూరంలో బెల్టు, పుల్లీ ఒకదానికొకటి కుదురుకుంటాయి.

బండి అప్పగించేటప్పుడు

అద్దెకు తిప్పే చోట మీ రిపేరు నిలిచేదీ పోయేదీ నడిపేవాళ్లు రేజ్ నొక్కే బొటనవేలి మీదే. అక్కడి గైడ్లకు మూడు సంగతులు చెప్పండి. ఎత్తు, బురద, బరువు ఉన్నచోట, గంటకు 11 కిలోమీటర్ల లోపు మెల్లగా పోవాల్సినచోట లో గేరు. బండి ఇరుక్కుంటే రేజ్ ఆపి, దిగి, తాడు కట్టి లాగడం. ఎత్తులో బండిని రేజ్‌తో నిలబెట్టకుండా బ్రేకుతో నిలబెట్టడం.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. కారణం వెతకడానికి పట్టిన గంటను బిల్లులో విడిగా చూపండి. కస్టమర్‌కు పాత బెల్టు చేతికిచ్చి మాడిన చోటు చూపిస్తే ఆ రూపాయలు ఎందుకో మీరు వివరించనక్కర్లేదు. జాబ్ కార్డులో కిలోమీటర్లు లేదా అవర్ మీటరు అంకె, పాత బెల్టు వెడల్పు, కొత్త బెల్టు పార్టు నంబరు, జారడానికి కారణం రాయండి. అదే బండి మళ్లీ వస్తే ఆ అంకెలే మీ తరఫున మాట్లాడతాయి. పదిహేను బళ్లున్న రిసార్టు యజమానికి ఏ బండి ఎన్ని గంటలకు బెల్టు తింటోందో చెప్పగలిగితే, రిపేరుకు పిలిచే మెకానిక్ స్థానం నుంచి నెలవారీ కాంట్రాక్టు అడిగే స్థానానికి వస్తారు. జాబ్ కార్డు చివరి గడిలో రాయడానికి కారణం దొరక్కపోతే, పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.