పాత బుల్లెట్టు ఇంజను: బలము పెంచుటా, ఉన్నది నిలుపుటా?

మన పాఠశాలలో చదివిన యువకుడొకడు ఇటీవల తన తాతగారి 350 బుల్లెట్టును నాయొద్దకు తెచ్చి, "అయ్యా! ఇంజను తల అరగదీయించి, సైలెన్సరు మార్చినచో వేగము పెరుగునట. తమరేమందురు?" అని అడిగెను.

ఈ బండి మనకు పరాయిది కాదు. 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, ఇంగ్లండునుండి వచ్చిన భాగములను తిరువొత్తియూరులో కూర్చుచు, క్రమముగా ఇచ్చటనే సమస్తమును చేయసాగెను.

విద్యార్థులారా, పెన్సిలు తీయుడు. సిలిండరు వ్యాసము 7 సెంటీమీటర్లు, పిస్టను నడక 9. వ్యాసార్ధమగు 3.5 యొక్క వర్గమును 22/7 చేతను, పిదప 9 చేతను గుణింపుడు. 346.5 ఘన సెంటీమీటర్లు వచ్చును. 350 అనునది పిలుపునకు మాత్రమే! పిస్టను పైకి చేరినపుడు మిగులు చోటు 63 అనుకొన్నచో, 409.5ను 63లోనికి నొక్కుచున్నాము, నిష్పత్తి 6.5. దానిని 8 చేయవలెనన్న ఆ చోటు 49.5కు తగ్గవలెను. తల అరగదీయుటలోని రహస్యమిదియే.

నొక్కుడు పెరిగిన బలము పెరుగును, నిజమే. వేడియు పెరుగును. మంట చేరకముందే మూలనున్న మిశ్రమము తనంతట రగిలి టకటకమనును. సైలెన్సరును తెరచి, కార్బొరేటరు జెట్టును మార్చకున్నచో పెట్రోలు పాలు తగ్గి వేడి మరింత హెచ్చును. ఈ ఇంజనునకు గాలియే చల్లదనము. మన చిత్తిరై ఎండలో ఆ గాలియు నిప్పే. యౌవనమున నేనును ఇట్టి పని చేయించితిని. సాత్తూరు దాటి కోవిల్‌పట్టికి వచ్చుచుండగా పిస్టను పట్టివేసి, వెనుకచక్రము బిగిసి, బండి ప్రక్కకు జారెను. వెనుక లారీ లేకుండుట నా అదృష్టము. మోచేతి మచ్చ నేటికిని కలదు.

పాత బండి బలము తగ్గుట తరచు సర్దుబాటు లోపమే. పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లుండవలెను. ఇంజను చల్లగా, కవాటములు రెండును మూసియున్నపుడు పుష్‌రాడ్లు వ్రేలితో త్రిప్పగా తిరుగవలెను, మీదికి క్రిందికి ఆడరాదు. బ్రేకులను బాగుచేయుటకు మాత్రము నా అభ్యంతరమెన్నడును లేదు. ఇంజను స్వరూపమును మార్చువారు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును ముందు చదువుకొనవలెను.

ఆ యువకునిచేత గాలి ఫిల్టరు మూత విప్పించితిని. లోపలనంతయు నల్లరేగడి దుమ్మే! దానిని మార్చి రమ్మని, తక్కిన మాట పిదప చూతమంటిని.