సెల్లోతో తొలి పరిచయం

తంత్రీవాద్యాలలో వీణ, వయొలిన్ మనకు చిరపరిచితాలు. వయొలిన్ కుటుంబానికే చెందిన మరొక పెద్ద వాద్యం సెల్లో. పాశ్చాత్య వాద్యబృందంలో మంద్రస్వరాలకు ఇది ఒక ముఖ్యమైన ఆధారం. వాదకుడు కుర్చీపై కూర్చుండి, వాద్యాన్ని మోకాళ్ల నడుమ నిలిపి, కుడిచేతి కమానును తీగలపై నడుపుతాడు. దీనికి నాలుగు తీగలు. పక్కపక్కనున్న రెండు తీగల మధ్య షడ్జ పంచమాలకు ఉన్నంత అంతరం ఉంటుంది. వీణకు ఉన్నట్లు దీనికి మెట్లు లేవు. కనుక వేలు ఎచ్చట మోపాలో చెవియే చెప్పాలి.

పెద్దలు వాయించే సెల్లో పెట్టె సుమారు 75 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అది ఆరేళ్ల పిల్లల చేతికి అందదు. అందుచేత 1/8, 1/4, 1/2, 3/4 అనే పేర్లతో చిన్న సెల్లోలను తయారుచేస్తారు. ఇవి పేర్లు మాత్రమే. 1/2 సెల్లో పొడవులో సగం కాదు. ఎలాగూ ఎదుగుతాడు కదా అని కొందరు తల్లిదండ్రులు పెద్ద వాద్యమే కొంటారు. చొక్కా విషయంలో ఆ లెక్క చెల్లుతుంది గాని సెల్లో విషయంలో చెల్లదు. వేళ్లు అతిగా చాచవలసి వచ్చి, భుజాలు బిగుసుకొని, బాలుడు సంగీతానికే దూరమయ్యే ప్రమాదం ఉంది.

కొలత కుదరడానికి ముందు మనసు కుదరాలి. ప్రఖ్యాత సెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్ బాల్యం ఇందుకు నిదర్శనం. ఆయన 1876లో స్పెయిన్ దేశపు కాటలోనియా ప్రాంతంలో, వెండ్రెల్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో ఆర్గాన్ వాదకుడు. ఒకనాడు ఊరికి వచ్చిన సంచార వాద్యకారులలో ఒకడు చీపురుకర్రకు తీగ బిగించి వాయిస్తూ ఉండగా బాలుడు చూచి, ఇంటికి వచ్చి వర్ణించాడు. తండ్రి ఎండిన సొరబుర్రకు ఒక తీగ కట్టి ఇచ్చాడు. (మన కిన్నెరకు కట్టేవీ సొరబుర్రలే.) ఆ ఒంటితీగపైనే బాలుడు పాటలు పలికించాడు.

1888లో, పదకొండవ ఏట, జోసెప్ గార్సియా అనే విద్వాంసుడు వాయించగా కాసల్స్ తొలిసారి నిజమైన సెల్లో నాదం విన్నాడు. అంతటితో మరొక వాద్యం ఆయన మనసుకు ఎక్కలేదు. అయితే సంగీతం కూడు పెట్టదని భయపడిన తండ్రి కుమారుని వడ్రంగి పనిలో పెట్టదలచాడు. తల్లి అంగీకరించలేదు. పట్టుబట్టి కుమారుని వెంటబెట్టుకొని బార్సిలోనా వెళ్లి సంగీత పాఠశాలలో చేర్పించింది.

ఆ రోజులలో మోచేయి కదలకుండా ఉండడానికి విద్యార్థుల చంకలో పుస్తకం ఉంచేవారు. ఆ బిగింపు బాలుడైన కాసల్స్‌కు నచ్చలేదు. చేయి స్వేచ్ఛగా కదిలే పద్ధతిని తానే సాధన చేశాడు. 1890లో తండ్రితో కలిసి ఒక పాత సంగీత పుస్తకాల దుకాణంలో వెదుకుతూ ఉండగా, బాఖ్ ఒంటి సెల్లోకు రచించిన ఆరు కృతుల ప్రతి లభించింది. ఆయన మొట్టమొదటి పూర్తి పరిమాణపు సెల్లో చేతికి వచ్చిందీ ఆనాడే. వాటిలో ఒకదానిని సభలో వినిపించడానికి ముందు ఆయన సుమారు పన్నెండేళ్లు సాధన చేశాడు.

విశ్వవిఖ్యాతుడైన తరువాత కూడా కాసల్స్ తన ఇంటిలో ఆ సొరబుర్ర వాద్యాన్ని భద్రపరచుకొన్నాడు.