నాలుగు సంతకాల అర్జీ

అర్జీ అంటే మనకు తెలుసు. పింఛను కోసం రాస్తాం. బోరింగు బాగు చేయించమని రాస్తాం. అవి మన కష్టాలు. పరాయివాళ్ల కష్టం చూసి అర్జీ రాసిన ఊరు ఒకటి ఉంది. ఆ ఊరి పేరు జర్మన్‌టౌన్. అది అమెరికాలో ఉంది.

ఊరు ఎలా పుట్టింది?

అప్పట్లో అమెరికా తూర్పు తీరం చాలావరకు ఇంగ్లీషు రాజు ఏలుబడిలో ఉండేది. 1681లో రాజు అక్కడ పెద్ద భూభాగాన్ని విలియం పెన్ అనే ఆయనకు రాసిచ్చాడు. కానీ ఆ నేల రాజుది కాదు. లెనాపె అనే జనం ఎంతో కాలంగా అక్కడ బతుకుతున్నారు. పెన్ వాళ్లకు వెల ఇచ్చి భూమి కొన్నాడు. ఆయన పోయాక, 1737లో, ఆయన కొడుకులు లెనాపెలను మోసం చేసి చాలా భూమి లాక్కున్నారు.

పెన్ క్వేకరు. క్వేకర్లు క్రైస్తవులలో ఒక శాఖ. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉందని వాళ్ల నమ్మకం. అప్పట్లో వాళ్ల ప్రార్థనలో పూజారి ఉండేవాడు కాదు. అందరూ మౌనంగా కూర్చునేవాళ్లు. మాట తోచినవాళ్లు లేచి చెప్పేవాళ్లు. ఆడవాళ్లు కూడా చెప్పేవాళ్లు.

1683లో జర్మనీలోని క్రేఫెల్డ్ నుంచి 13 కుటుంబాలు ఓడలో వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది నేతపనివాళ్లు. అవిసె నారతో బట్ట నేసేవాళ్లు. చీట్లు వేసి స్థలాలు పంచుకున్నారు. అడవి కొట్టి ఇళ్లు కట్టుకున్నారు. అదే జర్మన్‌టౌన్.

అర్జీలో ఏముంది?

ఆ రోజుల్లో ఆఫ్రికా మనుషులను పట్టి తెచ్చి, పశువుల్లా అమ్మేవాళ్లు. క్వేకర్లలోనే కొందరు బానిసలను కొన్నారు. జర్మన్‌టౌన్ వాళ్లకు ఇది నచ్చలేదు. 1688లో నలుగురు కలిసి అర్జీ రాశారు. వాళ్లలో పాస్టోరియస్ అనే చదువుకున్న మనిషి ఒకడు.

మమ్మల్ని ఎవరైనా ఇలా అమ్మితే ఒప్పుకుంటామా అని వాళ్లు అడిగారు. దొంగిలించడం ఎంత తప్పో, దొంగసొత్తు కొనడమూ అంతే తప్పన్నారు. మొగుడినీ పెళ్లాన్నీ విడదీసి, బిడ్డలను వేరేవాళ్లకు అమ్మడం న్యాయమా అని నిలదీశారు.

తర్వాత ఏమైంది?

అర్జీ నెలవారీ సభకు వెళ్లింది. ఇది పెద్ద విషయం, మా వల్ల కాదన్నారు. పై సభకు పంపారు. అక్కడా అదే మాట. చివరికి ఏటేటా జరిగే పెద్ద సభకు చేరింది. వాళ్లూ ఏమీ తేల్చలేదు. కాగితం మూలపడింది.

కానీ ఆ ప్రశ్న చావలేదు. మరికొందరు మళ్లీ మళ్లీ అడిగారు. 88 ఏళ్ల తర్వాత, 1776లో, క్వేకర్లు ఎవరూ బానిసలను ఉంచుకోకూడదని అదే పెద్ద సభ తీర్మానించింది. 1865లో అమెరికా దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేశారు.

మూలపడిన కాగితం 1844లో బయటపడింది. మళ్లీ కనబడకుండా పోయి, 2005లో దొరికింది. రాసినవాళ్లు ఎప్పుడో పోయారు. వాళ్ల మాట మాత్రం ఉంది. నోటితో అని ఊరుకుంటే మనకు తెలిసేదా?

ఆ ఊరి చదువు

1690లో ఈ ఊరి దగ్గర కాగితం మిల్లు పెట్టారు. ఇంగ్లీషువాళ్ల అమెరికాలో అదే మొదటిది. చిరిగిన నారబట్టలను దంచి, గుజ్జు చేసి, కాగితం తీసేవాళ్లు. 1702లో బడి మొదలైంది. పాస్టోరియస్ పాఠాలు చెప్పాడు. పగలు పనికి పోయేవాళ్ల కోసం రాత్రిబడి కూడా నడిపారు. మన రాత్రిబడి లాంటిదే!

మాట్లాడుకుందాం

1. సభలు అర్జీని ఎందుకు పక్కన పెట్టాయి?
2. సంతకాలు నాలుగూ మగవాళ్లవే. ఆడవాళ్లు ఎందుకు చేయలేదంటారు?
3. మన ఊళ్లో నోరులేని వాళ్ల కష్టం ఏముంది? అందరం కలిసి ఒక అర్జీ రాయండి. కింద మీ పేర్లు మీరే రాయండి.