ఒడ్డున ఉన్న మోటారుకు మంచినీరు

ఏటేట ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు, 61 దినములపాటు, తూర్పు తీరమున మరపడవలతో చేపల వేట నిలిపివేయబడును. చేపలు గ్రుడ్లుపెట్టి సంతతిని వృద్ధిచేసికొను కాలమది. ఆ దినములలో ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల తీరగ్రామములలో పడవలు ఇసుకపైకి చేరును. వలలకు మరమ్మతులు జరుగును. పడవలకు రంగులు పడును. కాని పడవ వెనుక, అమరమునకు బిగించిన అవుట్‌బోర్డు మోటారు విషయమున అంతటి శ్రద్ధ కనబడదు. దానిని ఊడదీసి, పట్టా కప్పి, ఒక మూల నుంచుదురు. మరల జూన్ నెలలో నడుపబోయినప్పుడు గాని అందలి లోపము బయటపడదు.

ఇది మత్స్యకారులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. వరదలు, తుపానులు వచ్చు ప్రాంతములలో రక్షణకొరకు ఉంచిన పడవలలో పెక్కింటికి ఇట్టి మోటారులే యుండును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రజలు మరణించిరి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగినప్పుడు లంకగ్రామముల వారికి పడవలే దిక్కైనవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులలోనికి వరద వచ్చినప్పుడు నగరవాసులకు సైతము పడవలు అవసరమైనవి. అట్టి దినమున మోటారు పలుకకున్నచో కలుగు నష్టమును రూపాయలలో లెక్కింపజాలము. కావున ఒడ్డున నున్న మోటారును నడిపి చూచుట యెట్లు, దాని లోపలి ఉప్పును, బురదను కడిగివేయుట యెట్లు అను విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

రెండు నిమిషములలో జరిగిన నష్టము

కొన్ని సంవత్సరముల క్రిందట డెల్టాలోని ఒక గ్రామమునకు ప్రచారకార్యము నిమిత్తము వెళ్ళితిని. అచ్చటి పంచాయతీవారు తమ వరద పడవను బండిపై నిలిపి సగర్వముగా చూపిరి. దానికి 40 అశ్వశక్తి గల మోటారు కలదు. ఫోటో తీయుచు, "మోటారు నడుచుచున్నచో ఇంకను బాగుండు" నని నేనే అంటిని. ఒక యువకుడు వెంటనే దానిని నడిపెను. మోటారు రెండు నిమిషములపాటు గర్జించెను. చేరినవారందరు చప్పట్లు కొట్టిరి. ప్రక్కన నిలిచియున్న వృద్ధుడొకడు, "నీళ్ళు పెట్టకుండా తిప్పకండి బాబూ, లోపల రబ్బరు కాలిపోద్ది" అని రెండుసార్లు చెప్పెను. ఎవరును వినలేదు. నేనును వినలేదు.

ఆ మరుసటి నెలలో కాలువకు గండి పడెను. ఆ పడవ బయలుదేరి ఒక ఫర్లాంగు పోకమునుపే మోటారు వేడెక్కి ఆగిపోయెను. తెడ్లు వేసికొని వెనుకకు వచ్చుటకు రెండు గంటలు పట్టెను. ఆవలి గట్టున పిల్లలతో ఎదురుచూచుచున్న వారిని చీకటి పడిన పిమ్మట వేరొక గ్రామపు పడవ ఇవతలికి చేర్చెను. ప్రాణనష్టము జరుగకపోవుట మా అదృష్టము. తరువాత మోటారును విప్పి చూడగా, రబ్బరు రెక్కలు చిరిగి, ఆ తునకలు నీటి మార్గములకు అడ్డుపడియుండెను. ఆ ఫోటో నేటికిని నాయొద్ద కలదు. దానిని ఏ పత్రికకును పంపలేదు.

మోటారు ఎట్లు చల్లబడును?

లారీ ఇంజనుకు రేడియేటరు కలదు; అందలి నీరే మరల మరల తిరుగుచు ఇంజనును చల్లబరచును. సాధారణముగా అవుట్‌బోర్డు మోటారుకు రేడియేటరు ఉండదు. అది తాను తేలు నీటినే పీల్చి, వాడుకొని, బయటకు విడిచివేయును. మోటారు క్రింది భాగమున, పంకాకు సమీపమున, జల్లెడవంటి రంధ్రములు కలవు. వాటిద్వారా వచ్చిన నీటిని రబ్బరు రెక్కల చక్రమొకటి పైకి తోయును. దీనిని మెకానిక్కులు ఇంపెల్లరు అందురు. ఆ నీరు పైనున్న ఇంజను చుట్టును తిరిగి, వేడిని గ్రహించి, క్రిందికి దిగిపోవును. అందులో కొంత భాగము మూత క్రింది సన్నని రంధ్రమునుండి ధారగా బయటకు వచ్చును. వైద్యునకు రోగి నాడి యెట్టిదో, మోటారు నడుపువానికి ఈ ధార యట్టిది.

ఆ రబ్బరు రెక్కలు తమ గదిగోడలను ఒరసికొనుచు తిరుగును. వాటికి నీరే చమురు. నీరు లేనప్పుడు ఒరపిడివలన అవి కొద్ది సెకనులలోనే కాగిపోవ నారంభించును. కనుక "ఒక్కమారు నడిపి వెంటనే ఆపెదము" అనుట కూడ తగదు. పొడవైన కడ్డీ చివర పంకా గల ఇంజన్లలో పెక్కు గాలితోనే చల్లబడును. వాటికి ఈ పాఠము వర్తింపదు.

ఉప్పు, బురద చేయు హాని

సముద్రపు నీరు ఒక లీటరులో సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. నదీముఖముల వద్ద ఇది కొంత తగ్గును. వేట ముగిసి మోటారు ఆగిన పిమ్మట లోపల మిగిలిన తడి ఆరిపోవును గాని, ఉప్పు ఆరిపోదు. అది గోడలకు అంటుకొని, పొరపై పొరగా పేరుకొని, సన్నని మార్గములను మూసివేయును, అల్యూమినియమును తినివేయును. నదిలో నడచిన మోటారుకు ఉప్పు బాధ లేకున్నను, వరదనీటిలోని ఒండ్రు అట్లే చేరి గట్టిపడును. అందుచేత సముద్రమున, ఉప్పుటేరులలో, వరదలో నడచిన ప్రతిసారియు మోటారును మంచినీటితో కడుగవలెను.

మూడు పద్ధతులు

మొదటిది, రబ్బరు దొప్పల పద్ధతి. కమ్మీతో కలిపిన రెండు రబ్బరు దొప్పలను నీటి రంధ్రములపై ఇరువైపుల బిగించి, వాటికి నీటిగొట్టము తగిలించి, మోటారును నడుపుదురు. ఇవి దుకాణములలో ఫ్లషింగ్ మఫ్ అను పేర లభించును. పెద్ద మోటారుల విషయమున ఇచ్చట రెండు జాగ్రత్తలు కలవు. కొన్నింటికి ప్రక్కల రంధ్రములే గాక, క్రింది భాగపు ముక్కు వద్దను రంధ్రములు ఉండును. వాటిని కూడ మూయనిచో పంపు గాలి పీల్చును. రెండవది, పెద్ద మోటారుకు నీరు ఎక్కువ కావలెను. సన్నగా కారు కుళాయి చాలదు. దొప్పల అంచులనుండి నీరు కొంత పొంగి చిమ్ముచున్నప్పుడే సరఫరా చాలినదని యెంచవలెను.

రెండవది, తొట్టి పద్ధతి. క్రింది భాగమును నీటి తొట్టిలో ముంచి నడుపుదురు. పంకాకు పైనున్న పలక మునుగునంతవరకు నీరు ఉండవలెను. చిన్న మోటారుకు 200 లీటర్ల డ్రమ్ము సరిపోవును గాని, పెద్ద మోటారు అందు పట్టదు. సిమెంటు తొట్టి కావలెను. నడుపుటకు ముందు పంకాను ఊడదీయవలెను. లేనిచో నీటినంతను బయటకు చిమ్మివేయును. పంకాను తీసినప్పుడు దాని వెనుక ఇరుసునకు చుట్టుకొనిన నైలాను దారములున్నవేమో చూడవలెను. అవి సీలును కోసివేయును. ఆ దారిని నీరు గేరుపెట్టెలో చొరబడును. గేరు ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినదనియే గుర్తు.

మూడవది, కడుగు ద్వారము. పెక్కు కొత్త మోటారులకు నీటిగొట్టమును నేరుగా తగిలించుటకు ఒక మర కలదు. ఇచ్చట తరచుగా పొరపాటు జరుగుచున్నది. ఈ ద్వారమునుండి పోవు నీరు పైనున్న ఇంజనుకు చేరును గాని, అనేక మోటారులలో క్రిందనున్న ఇంపెల్లరుకు తగినంతగా చేరదు. కావున తయారీదారులు ఇచ్చిన పుస్తకము స్పష్టముగా అనుమతించిననే తప్ప, ఈ పద్ధతిలో మోటారును నడుపరాదు, ఆపియుంచియే కడుగవలెను. ఏ పద్ధతికైనను ఆ పుస్తకమే ప్రమాణము. దానిని పడవతోపాటు పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను.

నడుపు క్రమము

దొప్పల పద్ధతిలో పాటింపవలసిన క్రమము ఇది:

1. 60 అశ్వశక్తి మోటారు సుమారు నూరు కిలోలు తూగును. దానిని గట్టి దూలమునకు గాని, పడవకు గాని బిగించి, నిటారుగా నిలుపవలెను.

2. పంకాను ఊడదీయుట మేలు. గేరును న్యూట్రలులో ఉంచవలెను. ఆపు త్రాడు నడుపువాని చేతికి కట్టియుండవలెను.

3. ముందుగా నీరు విడువవలెను. పిదపనే మోటారును నడుపవలెను. ఈ వరుస తారుమారు కారాదు.

4. నెమ్మదిగా మాత్రమే నడుపవలెను. ఒడ్డున మోటారుకు బరువు లేదు గనుక, కొద్దిపాటి రాపిడికే వేగము హద్దుమీరును.

5. వెంటనే ధారను చూడవలెను. కొద్ది క్షణములలో ధార రానిచో మోటారును ఆపి కారణము వెదకవలెను.

6. ఇంజను వేడెక్కినగాని థర్మోస్టాట్ అను తలుపు తెరచుకొనదు. అది తెరచుకొనినగాని నీరు అన్ని మార్గములకు పోదు. కావున రెండు నిమిషములతో సరిపుచ్చక, సుమారు పది నిమిషములు, ధార తేటపడు వరకు నడుపవలెను.

7. ముగింపున మోటారును ముందు ఆపి, తరువాత నీటిని కట్టవలెను. లోపలి నీరంతయు దిగిపోవు వరకు నిటారుగానే ఉంచవలెను, పడుకోబెట్టరాదు.

పని జరుగుచున్నంతసేపు ఒక మనిషి గొట్టము వద్దనే నిలిచియుండవలెను. కరెంటు పోయి నీరు ఆగినను, గొట్టము ఊడినను అతడు కేక వేయవలెను; నడుపువాడు ఆ క్షణముననే మోటారు ఆపవలెను.

మనుష్యులకు కలుగు ప్రమాదములు

మోటారు పాడైనచో మరల కొనవచ్చును. తెగిన వ్రేళ్ళు మరల రావు. పంకా ఉన్నను లేకున్నను దాని ఇరుసు దరికి ఎవరును పోరాదు. తలగుడ్డ, కండువా, వదులైన లుంగీ ధరించి పైమూత తీసిన ఇంజనుపై వంగరాదు. మూసిన కొట్టములో మోటారు నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కాని ప్రాణము తీయగలదు. పెట్రోలు డబ్బాలు దూరముగా ఉండవలెను. బీడీ, చుట్ట అచ్చట వెలుగరాదు. మోటారు శబ్దము వినగానే పిల్లలు మూగుదురు. వారిని దూరముగా నిలుపు బాధ్యతను ఒకరికి ఒప్పగింపవలెను.

నీరు ఎక్కడినుండి?

ఇంతవరకు చెప్పినది మెకానిక్కు పని. ఇక మీదటిది పంచాయతీ పని. తీరగ్రామములలో మంచినీరే కరవు. నిమిషమునకు 15 లీటర్లు ఇచ్చు గొట్టముతో పది నిమిషములు కడిగినచో 150 లీటర్లు ఖర్చగును. ఇరువది మోటారులకు 3,000 లీటర్లు కావలెను. బిందెలతో వరుసలో నిలిచియున్న స్త్రీల యెదుట ఆ నీటిని ఇసుకపాలు చేసినచో తగవు తప్పదు. ఆ తగవులో న్యాయము ఆ స్త్రీల పక్షముననే యుండును.

మార్గములు లేకపోలేదు. కడుగుటకు త్రాగునీరే అక్కరలేదు. ఉప్పు లేని, తేటయైన నీరు చాలును. పాఠశాల, పంచాయతీ భవనముల పైకప్పుల వాననీటిని ఒక తొట్టికి మళ్ళింపవచ్చును. త్రాగుటకు వాడని మంచినీటి చెరువునుండి నీరు తెచ్చి, వడగట్టి, ఎత్తుపై నిలిపిన ట్యాంకులో నింపవచ్చును. ఉప్పుబావి నీరు మాత్రము పనికిరాదు. దానితో కడుగుట ఉప్పును ఉప్పుతో తుడుచుటయే. పడవలు చేరు చోట ఒకే కడుగు స్థలమును ఏర్పరచి, దొప్పల జత నొకటి కొనియుంచి, వాడుకొనువారినుండి స్వల్ప రుసుము గైకొనినచో దాని నిర్వహణ కష్టము కాదు. చమురుతో కలిసిన మురుగునీరు చెరువులోనికి గాని, బావి దరికి గాని పోకుండ చూడవలెను.

వరద పడవ గల పంచాయతీ ఒక చిన్న రిజిస్టరు ఉంచవలెను. నెలకొకసారి మోటారును నీరు పెట్టి నడిపిన తేదీ, ధార వచ్చినదా లేదా, గేరు ఆయిలు రంగు, నడిపినవారి సంతకము – ఈ నాలుగు గడులు చాలును. దీర్ఘకాలము కదలక యున్న రబ్బరు రెక్కలు వంగినవి వంగినట్లే బిగిసిపోవును. కనుక పుస్తకమున చెప్పిన గడువునకు, పైకి బాగుగానే కనబడినను, ఇంపెల్లరును మార్పవలెను. వానకాలమునకు ముందు జరుగు సమావేశమున ఈ రిజిస్టరును సభ్యులు స్వయముగా చూడవలెను.

ఎవరైన అతిథి వచ్చి మోటారును నడిపి చూపుమని కోరినచో, "ముందు నీరు పెట్టెదము, కొంచెము ఆగుడు" అని సభ్యులు నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఆ వచ్చినవాడు అధికారియైనను సరే. నాడు ఆ మాట చెప్పిన వృద్ధుడు చదువుకొనినవాడు కాడు. కాని అచ్చట చేరినవారిలో మోటారు సంగతి తెలిసినవాడు అతడొక్కడే.