చిన్న స్క్రూ - పెద్ద నష్టం

శ్రావణ మాసం. పెళ్ళిళ్ళ రోజులు. పెదవేగిలో ఒక ఇంట్లో కుట్టు మిషను ఉంది. ఆ ఇంటికి ఆ మిషనే ఆధారం. ఇంటి కోడలు జాకెట్లు, పిల్లల గౌన్లు కుడుతుంది.

ఒకరోజు మిషను మొరాయించింది. గుడ్డ ముందుకు జరగడం లేదు. కుట్టు మీద కుట్టు పడుతోంది. పళ్ళ సందుల్లో నూలు పీచు ఇరుక్కుందని ఆమెకు తెలుసు. చాప మీద కూర్చుని సూది కింది ప్లేటు విప్పింది. పీచంతా తీసేసింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. ప్లేటు బిగించబోయింది. రెండు స్క్రూలలో ఒకటి లేదు!

చాప దులిపారు. మంచం కింద వెతికారు. ఇల్లంతా ఊడ్చారు. స్క్రూ దొరకలేదు.

"ఉన్న ఒక్క దానితో సరిపెట్టవే అమ్మాయ్" అంది అత్తగారు.

"కుదరదు అత్తయ్యా. ప్లేటు కదిలితే సూది తగిలి విరిగిపోతుంది. ఆ ముక్క ఎగిరి కంట్లో పడితేనో?" అంది కోడలు.

మర్నాడు బస్సెక్కి ఏలూరు వెళ్ళింది. స్క్రూ ఖరీదు కంటే బస్సు చార్జీ ఎక్కువైంది. ఒక రోజు పని పోయింది. చెప్పిన వేళకు జాకెట్లు అందలేదు. ఆ పెళ్ళివారు మళ్ళీ ఆమె దగ్గరకు రాలేదు.

మిషను విప్పడం ఆమెకు వచ్చు. శుభ్రం చేయడమూ వచ్చు. మరి లోపం ఎక్కడుంది? విప్పిన వాటిని పెట్టడానికి ఒక చోటు లేదు. అదే లోపం.

పోపుల డబ్బా పాఠం

మన వంటింట్లో పోపుల డబ్బా ఉంటుంది. ఆవాలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, మెంతులు ఒక గిన్నెలో ఉంటాయి. చూడకుండానే చెయ్యి ఆవాల మీదికి వెళుతుంది. నూనె కాగాక ఆవాల కోసం వెతికితే పోపు మాడుతుంది. మరమ్మతు పని కూడా అంతే. విప్పక ముందే అన్నీ సిద్ధంగా ఉండాలి.

విప్పక ముందు

పగటి వెలుగులో కూర్చోవాలి. చాప మీద వద్దు. చాప సందుల్లో స్క్రూలు దూరిపోతాయి. తెల్లటి పాత గుడ్డ పరవాలి. దాని మీద చిన్న వస్తువు కూడా కనబడుతుంది. దొర్లిపోదు.

కోడిగుడ్ల అట్ట ఒకటి తెచ్చుకోవాలి. దానికి 30 గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటకు 1, 2, 3 అని అంకెలు వేయాలి. అట్ట దొరకకపోతే పాత పోపుల డబ్బా అయినా సరే.

స్క్రూ డ్రైవరు, బ్రష్షు, మిషను నూనె దగ్గర పెట్టుకోవాలి. వంట నూనె, కొబ్బరి నూనె వేయకూడదు. అవి కొన్నాళ్ళకు జిడ్డుగా గట్టిపడి మిషనును పట్టేస్తాయి.

మోటారు ఉన్న మిషను అయితే ముందు ప్లగ్గు పీకాలి.

విప్పేటప్పుడు

ముందు విప్పింది 1వ గుంటలో వేయాలి. తర్వాత విప్పింది 2వ గుంటలో వేయాలి. వేసిన వెంటనే కాగితం మీద రాసుకోవాలి. ఇలా:

1. సూది
2. పాదం
3. ప్లేటు, స్క్రూలు 2
4. బాబిన్ కేసు
5. రింగు
6. షటిల్

బిగించేటప్పుడు ఈ కాగితాన్ని కింది నుంచి పైకి చదవాలి. షటిల్ ముందు, సూది చివర. సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది. ఆ పక్క ఎటు ఉందో తీసేటప్పుడే చూసి రాసుకోవాలి. సెల్ ఫోను ఉంటే విప్పే ముందు ఫొటో కూడా తీసుకోవచ్చు.

బాబిన్ కేసు మీద చిన్న స్క్రూ ఉంటుంది. మిషనులో బాగా చిన్నది అదే. అవసరం లేకుండా దాన్ని ఊడదీయకూడదు.

పాత రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. దాన్ని దాచి ఉంచుకోవాలి. ఇనుప స్క్రూ కింద పడితే అయస్కాంతం వెతికి పెడుతుంది.

మధ్యలో లేవాల్సి వస్తే అట్ట మీద చాట బోర్లించాలి. పసిపిల్లలు చిన్న వస్తువులు నోట్లో పెట్టుకుంటారు. విరిగిన సూదులు విడిగా మూత ఉన్న డబ్బాలో వేయాలి.

అంతా అయ్యాక అట్ట చూసుకోవాలి. ఏ గుంటలోనూ ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే ఎక్కడో బిగించలేదన్న మాట. తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఎక్కడా తగలకపోతే అప్పుడు కుట్టాలి.

చీటీ విలువ

పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయన రాజులకు, తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని. ఇక్కడి దిబ్బల్లో పురావస్తు శాఖ వారు తవ్వకాలు జరిపారు. ఇలాంటి తవ్వకాల్లో చిన్న పూస దొరికినా, కుండ పెంకు దొరికినా ఒక పద్ధతి ఉంది. ఎక్కడ దొరికింది, ఎంత లోతులో దొరికింది అని చీటీ రాసి దానితో పాటు సంచిలో పెడతారు. చీటీ ఉంటే ఆ పూస చరిత్ర చెబుతుంది. చీటీ పోతే అది ఉత్త పూసే.

ఉత్తర ప్రదేశ్‌లో బాందా జిల్లా ఉంది. 1990 ప్రాంతంలో అక్కడి పల్లె ఆడవాళ్ళు బోరింగు పంపులు బాగు చేయడం నేర్చుకున్నారు. మహిళా సమాఖ్య కార్యక్రమం వారికి ఆ పని నేర్పింది. గొలుసు, బేరింగు, వాసర్లు, బోల్టులు అన్నీ వాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. పని నేర్చుకున్నాక చదువు కూడా కావాలని వాళ్ళే అడిగారు. చేతికి పని వస్తే సగం. రాసుకోవడం కూడా వస్తే ఆ పని పూర్తిగా మనదే.

అక్షరాలు కథలు చదవడానికే కాదు. కోడిగుడ్ల అట్ట మీద వేసే అంకె కూడా చదువే. ఆ అంకె ఒక రోజు కూలి నిలబెడుతుంది.

ఆలోచించండి

1. ఒకామె రోజుకు 4 జాకెట్లు కుడుతుంది. మిషను 3 రోజులు ఆగింది. ఎన్ని జాకెట్లు ఆగిపోయాయి?
2. విరిగిన సూదులను విడిగా ఎందుకు ఉంచాలి?
3. మీ ఇంట్లో ఏ వస్తువును విప్పి శుభ్రం చేస్తారు? స్టవ్వా? టార్చి లైటా? విప్పే వరస రాయండి. దాన్ని కింది నుంచి పైకి చదివి పక్కింటి అక్కకు వినిపించండి.